కాపు కట్టిన ఆకలి

రోజులో పదహారు గంటలు తినకుండా ఉండటం నేడు కొత్త ఆరోగ్య సూత్రంగా ప్రచారంలో ఉంది. అదే విరామానికి హద్దు కట్టి, సాక్షిని నిలిపి, చివర ఊరందరికీ అంబలి పోసి ముగించే పద్ధతి పుదుచ్చేరి తీరపు అమ్మవారి వ్రతాల్లోనూ తెలుగింటి నక్తాల్లోనూ తరతరాలుగా ఉంది. ఆ రెండింటి మధ్య ఉన్న తేడా మీద ఈ వారం ముఖచిత్ర కథనం.

పుదుచ్చేరి పట్టణంలో ఫ్రెంచివారి పాతపేటకు ఉత్తరాన, బంగాళాఖాతాన్ని ఆనుకుని ఉన్న కురుచికుప్పం పేరులోనే దాని పుట్టుక తెలుస్తుంది. తమిళ తీరంలో కుప్పం అంటే జాలరుల పల్లె. పట్టణం పెరిగి ఆ పల్లెను తనలో కలుపుకున్నా, దానికి ఆనుకుని ఉన్న వైత్తికుప్పం, కొంచెం ఎగువన ఉన్న ముత్యాలుపేట మాదిరిగానే అక్కడ కూడా ఏడాది లెక్క గోడమీది కాలెండరుతోపాటు అమ్మవారి కొలువులతో, సముద్రపు ఋతువులతో నడుస్తుంది. మాసి నెలలో మఖా నక్షత్రం నాడు జరిగే మాసి మగం ఉత్సవానికి మైలం సుబ్రహ్మణ్యస్వామి మొదలుకొని చుట్టుపక్కల ఎన్నో ఊళ్ల దేవతలు వైత్తికుప్పం ఒడ్డుకు తరలివచ్చి తీర్థవారి, అంటే సముద్రస్నానం, జరుపుకుంటారు. జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా సాగే ఆడి మాసం మాత్రం ప్రధానంగా అమ్మవారిది. ఆ నెలలో తీరపు పేటల్లోని గుళ్లలో పాటించే ఉపవాస నియమాలు, నేడు విరామ ఉపవాసం అనే పేరుతో చెలామణిలో ఉన్న ఆహార పద్ధతికి పైకి చాలా దగ్గరగా కనిపిస్తాయి, లోపల మాత్రం దానికి చాలా దూరంగా ఉంటాయి.

విరామ ఉపవాసం అంటే ఏమి తినాలన్న దానికన్నా ఎప్పుడు తినాలన్న దానికి ప్రాధాన్యమిచ్చే పద్ధతి. రోజులో ఎనిమిది గంటల వ్యవధిలోనే తిని మిగిలిన పదహారు గంటలు ఆగడం, వారంలో ఐదు రోజులు మామూలుగా తిని రెండు రోజులు బాగా తగ్గించడం, రోజు విడిచి రోజు తినడం అనేవి అందులో ప్రధాన రకాలు. ఈ పద్ధతిలో కాలాన్ని కొలిచేది గడియారం, ఫలితాన్ని కొలిచేది త్రాసు. వ్రతంలోని ఉపవాసానికి ఈ రెండూ చాలవు. అక్కడ ఆకలికి ఒక ఆరంభం, ఒక హద్దు, ఒక సాక్షి, ఒక ముగింపు ఉంటాయి. ఆ నాలుగూ కలిసినప్పుడే తినకపోవడం భక్తి అవుతుంది.

దగ్గరగా ఉండటం

ఉపవాసం అన్న మాటకు నిరాహారం అన్నది మొదటి అర్థం కాదు. ఉప అంటే దగ్గర, వాసం అంటే ఉండటం. దేవతకు దగ్గరగా, నియమానికి దగ్గరగా ఉండటం దాని మూలార్థం. తిండి మానడం ఆ దగ్గరితనానికి సాధనం మాత్రమే. అందుకే ధర్మశాస్త్ర గ్రంథాలు తినకపోవడాన్ని ఒకే ముద్దగా చూడక అనేక మెట్లుగా విడదీశాయి. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల మంత్రి హేమాద్రి కూర్చిన చతుర్వర్గ చింతామణిలో ఒక పెద్ద భాగం వ్రతాలకే కేటాయించారంటే ఈ విభజన ఎంత విస్తారమైనదో ఊహించవచ్చు.

ఆ మెట్లలో ఏకభుక్తం అంటే పగలు మధ్యాహ్నం దాటాక ఒక్క పూట తినడం. నక్తం అంటే పగలంతా ఆగి, గృహస్థు అయితే చుక్కలు కనిపించాక తినడం. అయాచితం అంటే ఎవరినీ అడగకుండా తనంతట వచ్చినదాన్ని మాత్రమే తినడం. పూర్తిగా మానడం ఉపవాసం. ఈ నాలుగింటినీ వరుసగా అల్లిన వ్రతం ప్రాజాపత్య కృచ్ఛ్రం. మూడు రోజులు పగటి భోజనం, మూడు రోజులు రాత్రి భోజనం, మూడు రోజులు అయాచితం, మూడు రోజులు పూర్తి ఉపవాసం చొప్పున పన్నెండు రోజులు సాగే ఆ క్రమంలో శరీరం మెట్టుమెట్టుగా ఆకలికి అలవాటు పడేలా ఏర్పాటు కనిపిస్తుంది. చాంద్రాయణం చంద్రుణ్నే కొలపాత్రగా తీసుకుంటుంది. శుక్ల పాడ్యమి నాడు ఒక కబళంతో మొదలుపెట్టి, రోజుకొకటి పెంచుతూ పున్నమికి పదిహేను చేసి, తిరిగి తగ్గిస్తూ అమావాస్యకు పూర్తిగా ఆపితే అది నడుము లావైన యవగింజను పోలినందున యవమధ్యం అయింది. ఆ క్రమాన్ని తిప్పి పాటిస్తే నడుము సన్ననైన చీమను పోలినందున పిపీలికామధ్యం అయింది.

తెలుగింటి ఆచారంలో ఈ శాస్త్రం పండుగల రూపంలో ఇంకిపోయింది. కార్తిక సోమవారాల్లో పగలంతా ఆగి నక్షత్ర దర్శనం తరువాత తినేవారు, ఆ నెలంతా నక్తాలు ఉండేవారు నేటికీ ఊరూరా కనిపిస్తారు. ఏడాదికి ఇరవైనాలుగు, అధికమాసం వస్తే ఇరవైఆరు ఏకాదశులు ఉంటాయి. ఆశ్వయుజ బహుళ తదియ నాటి అట్లతద్దిలో ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి చద్దన్నం, గోంగూర పచ్చడి తిని, ఊయలలూగి, చంద్రోదయం దాకా ఆగి, గౌరీదేవికి అట్లు నివేదించి వాయనమిస్తారు. ఎప్పుడు తినాలన్న నిబంధన అక్కడా ఉంది గాని, దాన్ని నిర్ణయించేది ఆకాశం. దాన్ని పాటించేది ఒంటరి మనిషి కాదు, వీధిలోని పిల్లలందరూ.

కాపు, కూడు

ఆడి మాసపు అమ్మవారి వ్రతం కాప్పుతో మొదలవుతుంది. పసుపు పూసిన దారాన్ని అమ్మవారికి, పూజారికి, వ్రతం పట్టినవారికి చేతికి కట్టే ఈ ఆచారాన్ని తమిళంలో కాప్పు కట్టడం అంటారు. కాప్పు అంటే రక్షణ. పొలం కాపు, గుడి కాపు అన్నప్పుడు తెలుగువారి నోట వినిపించేదీ ఆ మాటే. దారం చేతికెక్కిన క్షణం నుంచి విప్పే దాకా మాంసం, మద్యం ముట్టకపోవడం, నేలమీద పడుకోవడం, బ్రహ్మచర్యం పాటించడం, చాలామంది ఒంటిపూట భోజనంతో సరిపెట్టుకోవడం నియమాలు. పండుగ ముగిసేదాకా ఊరి పొలిమేర దాటి రాత్రి గడపరాదన్న కట్టడి కూడా అనేకచోట్ల ఉంది. నిప్పులగుండం నడిచే ద్రౌపదమ్మ గుళ్లలో ఈ నియమాలు ఇంకా గట్టివి. పుదుచ్చేరికి వాయవ్యాన ఉన్న సెంజి ప్రాంతం ఈ ద్రౌపదీ ఆరాధనకు కేంద్రమని, అక్కడి నుంచే అది విస్తరించిందని ఆల్ఫ్ హిల్టెబైటెల్ 1988లో వెలువడిన తన అధ్యయనంలో వివరించాడు. చిత్తూరు ప్రాంతపు ధర్మరాజుల గుళ్లలో భారత కథాకాలక్షేపంతో మొదలై అగ్నిగుండంతో ముగిసే ఉత్సవాలు కూడా ఆ కుటుంబానికి చెందినవే.

ఇక వ్రతం ముగింపు కూళ్ పోయడం. కూళ్ అంటే రాగిపిండిని ముందురోజే నానబెట్టి పులియనిచ్చి, బియ్యపు నూకతో కలిపి పెద్ద పెద్ద పాత్రల్లో వండిన చిక్కటి అంబలి. తమిళంలోని ఈ మాటకు తెలుగులో తోబుట్టువు కూడు. భాషా శాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ ఒకే ద్రావిడ ధాతువు కింద చూపిస్తారు. ఇళ్ల నుంచి తెచ్చిన పిండిని గుడి దగ్గర ఒకచోట కలిపి వండి, అమ్మవారికి నివేదించి, మునగాకు కూరతోనో, తీరపు పేటల్లో ఎండుచేపల పులుసుతోనో, పచ్చి ఉల్లిపాయతోనో అడిగినవారందరికీ పోస్తారు. ఎండలు తగ్గుముఖం పట్టి, పొలంలో కొత్త విత్తు పడి, పాత గింజ అడుగంటే ఈ కాలంలో కూళ్ పోయడమంటే లేనివారి కడుపు నింపడమే. తీరానికి ఇంకొక లెక్క కూడా ఉంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో యాంత్రిక పడవల వేట ఆపుతారు. ఆ 61 రోజుల విరామం ముగిసిన నెలకు ఆడి వస్తుంది కనుక, ఆగడం కూడా బతుకులో ఒక భాగమని జాలరి కుటుంబానికి ఎవరూ వేరుగా బోధించనక్కరలేదు.

ఈ ముగింపుకు జనశ్రుతిలో ఒక కథ ఉంది. భర్త జమదగ్ని హతుడైన దుఃఖంలో రేణుక చితిలోకి దూకితే వాన కురిసి మంట ఆరింది. ఒళ్లంతా పొక్కులతో లేచిన ఆమె వేపాకులు చుట్టుకుని, ఆకలితో పల్లెలోకి నడిచి వస్తే, ఊరివారు బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరినీళ్లు ఇచ్చారు. ఆమే మారియమ్మ అయిందని, వేపాకూ అంబలీ అప్పటినుంచే ఆమెకు ప్రీతి అయ్యాయని చెబుతారు. కథలో ఆకలిగొన్నది దేవత. అన్నం పెట్టినది ఊరు. భక్తుడు ఉపవాసం ఉండటమంటే ఆమె ఆకలిని కొన్నాళ్లు తాను మోయడం. కూళ్ పోయడమంటే ఊరు ఆనాడు చేసిన పనిని మళ్లీ చేయడం.

గ్రామదేవత, గ్రామమతం

పాశ్చాత్య దేశాల్లో పేగన్ అనే మాట ఈ సందర్భంలో తరచు వినిపిస్తుంది. లాటిన్‌లో పాగుస్ అంటే పల్లె ప్రాంతం, పాగానుస్ అంటే పల్లెవాసి. రోమన్ సామ్రాజ్యం క్రైస్తవాన్ని స్వీకరించిన కాలంలో పాత దేవతలను విడవనివారిని ఈ మాటతో పిలవడం మొదలై, తరువాతి కాలంలో అది నింద అయింది. గత శతాబ్దంలో ఆ దేవతలను తిరిగి కొలవడం మొదలుపెట్టినవారు దాన్ని గౌరవంగా స్వీకరించారు. మూలార్థంలో చూస్తే అది గ్రామమతం. గ్రామదేవత అన్న తెలుగు మాటకు దూరపు చుట్టం. తేడా ఏమంటే అక్కడ తెగిపోయిన దారాన్ని పుస్తకాల్లో వెతికి ముడివేయవలసి వచ్చింది, ఇక్కడ అది పూజారి చేతిలోంచి భక్తుడి చేతికి ఇంకా అందుతూనే ఉంది.

ఆ పాత మతాల్లోనూ ఉపవాసం ఒంటరి సాధన కాదు. ఏథెన్సు దగ్గరి ఎల్యూసిస్‌లో ధాన్యదేవత డిమీటర్ రహస్య దీక్ష తీసుకునేవారు ముందుగా ఉపవాసముండి, యవల పిండి, నీళ్లు, ఒక రకం పుదీనా కలిపిన కికియాన్ అనే పానీయంతో దాన్ని విడిచేవారు. కూతురు పాతాళానికి అపహృతమైన దుఃఖంలో డిమీటర్ తొమ్మిది రోజులు ఏమీ ముట్టక తిరిగి, చివరికి ద్రాక్షసారా వద్దని ఆ పిండి పానీయాన్నే కోరి తాగిందని వారి పురాణం. అదే దేవతకు స్త్రీలు మాత్రమే జరిపే థెస్మొఫోరియా ఉత్సవంలో ఒక రోజు పేరే ఉపవాసం; ఆ రోజు స్త్రీలు నేలమీద కూర్చుని గడిపేవారు. కురుచికుప్పానికి కొద్ది మైళ్ల దక్షిణాన, వీరాంపట్టినం పక్కనే ఉన్న అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాల్లో మధ్యధరా తీరపు సారా జాడీలు బయటపడ్డాయి కాబట్టి, రెండు వేల ఏళ్ల కిందట ఈ రెండు తీరాల మధ్య రాకపోకలు ఉన్నమాట నిజం. అయినా జాడీల వెంట ఆచారం కూడా వచ్చిందనుకోవలసిన పని లేదు. దుఃఖంలో ఉన్న తల్లి అన్నం ముట్టదని, ఆమెను తిరిగి బతుకులోకి పిలిచేది మొదటి గుక్క గంజి అని పంట పండించే ఏ ఊరికైనా తెలుసు. అందుకే ఇద్దరు తల్లుల ఉపవాసాలూ పిండి కలిపిన నీళ్లతోనే ముగిశాయి.

కోమటి చెట్టి వీధిలో ఇరవైమూడు రోజులు

ఉపవాసాన్ని ఊరి నుంచి విడదీసి, కేవలం శరీరం మీద ప్రయోగంగా పరీక్షించిన ప్రసిద్ధ ఉదాహరణ కూడా పుదుచ్చేరిలోనే ఉంది. 1910 ఏప్రిల్ 4న ఫ్రెంచి పుదుచ్చేరికి చేరిన అరవిందులు తొలి ఆరు నెలలు కలవై శంకరచెట్టి ఇంట తలదాచుకున్నారు. తెలుగు వైశ్యుల ఉనికిని పేరులోనే మోస్తున్న కోమటి చెట్టి వీధిలోని ఆ ఇంట్లో ఆయన 23 రోజులు ఉపవాసమున్నారు. అంతకుముందు అలీపూర్ జైలులో పది రోజులు ఉన్న అనుభవం ఆయనకు ఉంది. తరువాతి సంభాషణల్లో ఆయన దీన్ని గుర్తుచేసుకుంటూ, రోజుకు ఎనిమిది గంటలు నడవడం, రాయడం, సాధన యథావిధిగా సాగాయని, నీరసం రాలేదని, అయితే కండ తగ్గిపోతుంటే ఆ పదార్థాన్ని తిరిగి నింపే మార్గం మాత్రం దొరకలేదని చెప్పారు. సంప్రదాయం చెప్పినట్లు కొద్దికొద్దిగా కాక, మునుపటి పరిమాణంలోనే భోజనం తిరిగి మొదలుపెట్టానని కూడా ఆయనే తెలిపారు. అయినా తన యోగాన్ని అనుసరించేవారికి ఆయన ఉపవాసాన్ని విధించలేదు; తిండి మీద మోజు, తిండి మీద విముఖత రెండూ మనసును తిండికే కట్టివేస్తాయన్నది ఆయన బోధనలోని సారం. మనసు ఎంత గట్టిదైనా మాంసానికి తన నియమాలు ఉన్నాయని, వాటిని దాచకుండా చెప్పడమే నిజాయితీ అని ఈ ఉదంతం నేర్పుతుంది.

ప్రయోగశాల చెప్పినది

చివరి భోజనం తరువాత కొన్ని గంటలదాకా శరీరం రక్తంలోని చక్కెరను, తరువాత కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉన్న పిండిపదార్థాన్ని వాడుకుంటుంది. ఆ నిల్వ తరిగేకొద్దీ కొవ్వు కరిగి, కాలేయంలో కీటోన్లు అనే ఇంధన పదార్థాలుగా మారుతుంది. సుమారు పన్నెండు గంటల తరువాత మొదలయ్యే ఈ ఇంధన మార్పిడే విరామ ఉపవాసపు ప్రయోజనాలకు మూలమని రఫాయెల్ డి కాబో, మార్క్ మాట్సన్ 2019 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో సమీక్షించారు. ఒడిశాలో పుట్టి అమెరికాలోని సాల్క్ సంస్థలో పనిచేస్తున్న సచ్చిదానంద పండా బృందం 2012లో, కొవ్వు ఎక్కువగా ఉన్న అదే మేతను ఎనిమిది గంటల వ్యవధిలోనే తిన్న ఎలుకలు, రాత్రింబవళ్లు తిన్న ఎలుకల్లా లావెక్కలేదని చూపింది. కణాలు తమలోని పాత భాగాలను తామే జీర్ణించుకునే ఆటోఫేజీ ప్రక్రియ మీద, ఆకలితో ఉంచిన ఈస్టు కణాల్లో పరిశోధించిన యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఎలుకల్లో, ఈస్టులో కనిపించినది మనుషుల్లో అంత సూటిగా కనిపించలేదు. 116 మందితో పన్నెండు వారాలు జరిపి 2020లో ప్రకటించిన అధ్యయనంలో పదహారు గంటలు ఆగినవారికీ, మూడు పూటలా తిన్నవారికీ బరువు తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా ఆగినవారు కోల్పోయిన బరువులో ఎక్కువ భాగం కొవ్వు కాక, కండరం వంటి కణజాలం. చైనాలో 139 మందితో ఏడాదిపాటు జరిపి 2022లో వెలువరించిన అధ్యయనం, తిండి పరిమాణం తగ్గించినవారికి వేళల కట్టడి అదనంగా మేలు చేయలేదని తేల్చింది. 1910లో అరవిందులు గమనించిన కండ తగ్గుదల నూట పదేళ్ల తరువాత కొలమానాల్లో కనిపించింది.

మధుమేహపు అంచున ఉన్న ఎనిమిది మంది పురుషులతో 2018లో జరిగిన మరో చిన్న అధ్యయనం, మధ్యాహ్నం మూడు గంటలలోపే తిండి ముగించినప్పుడు ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసిందని చూపింది. ఆ లెక్కన శరీరానికి మేలు ఏకభుక్తం వైపు మొగ్గుతుంది గాని, చుక్కలు చూసి తినే నక్తం వైపు కాదు. పూర్వులు చేసిన ప్రతి పనికీ ప్రయోగశాల ముద్ర వెతకడం భక్తికీ మేలు కాదు, విజ్ఞానానికీ మేలు కాదు. కార్తిక సోమవారం నాడు చుక్క కోసం చూసే కళ్లు ఇన్సులిన్ కోసం చూడవు. వాటికి ఆ సమర్థన అవసరమూ లేదు.

మినహాయింపు కూడా ధర్మమే

ఈ విషయంలో పుదుచ్చేరి ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసిన ప్రాంతం. భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగి 2023 జూన్‌లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం, మధుమేహం అత్యధికంగా ఉన్న ప్రాంతాల్లో గోవా తరువాత 26.3 శాతంతో పుదుచ్చేరిని రెండవ స్థానంలో చూపింది. పెద్దవారిలో ప్రతి నలుగురిలో ఒకరికి మించి ఈ వ్యాధి ఉన్నచోట, ఇన్సులిన్ గాని, ఇన్సులిన్‌ను పెంచే మాత్రలు గాని వాడుతూ పూటలకు పూటలు తినకుండా ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, బలహీనులైన వృద్ధులు, తిండికి సంబంధించిన మానసిక వ్యాధి ఉన్నవారు ఉపవాసానికి దూరంగా ఉండాలని వైద్యులు చెబుతారు.

సంప్రదాయం కూడా ఇదే చెప్పిందన్న సంగతి తరచు మరుగున పడుతుంది. ఏకాదశి ఉపవాసం ఎనిమిదేళ్లు దాటి ఎనభై నిండని వారికే విధి అని స్మృతులు వయసు గీత గీశాయి. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం అనే ఎనిమిదీ వ్రతభంగం కావని పేర్కొన్నాయి. ఔషధం వ్రతాన్ని చెడగొట్టదని శాస్త్రమే అన్నప్పుడు, మాత్ర వేసుకుని నాలుగు ముద్దలు తిన్న మధుమేహ రోగి వ్రతం చెడిందని అనడానికి ఎవరికీ అధికారం లేదు.

ముగించడం కూడా అంతే ముఖ్యమైన విధి. భాగవతంలోని అంబరీషుని కథ దానికి నిదర్శనం. ఏకాదశి వ్రతం పూర్తిచేసిన ఆ రాజు ద్వాదశి గడియలు దాటేలోపు పారణ చేయాలి, అంటే ఉపవాసం విడవాలి. స్నానానికి వెళ్లిన అతిథి దుర్వాసుడు తిరిగి రాలేదు. తింటే అతిథికి అపచారం, తినకపోతే వ్రతానికి లోపం. పెద్దల సలహాతో అతడు ఒక్క గుక్క నీరు తాగి రెంటినీ కాపాడుకోబోయాడు. తరువాత దుర్వాసుని కోపం, విష్ణుచక్రం వెంటపడటం వంటివి ఎన్ని నడిచినా, కథ అంతా తిరిగినది ఎంతసేపు ఆకలితో ఉన్నాడన్న దాని చుట్టూ కాదు. ఎప్పుడు, ఎవరితో కలిసి విడిచాడన్న దాని చుట్టూ. ఆ అతిథి తిరిగివచ్చేదాకా ఏడాదిపాటు రాజు అన్నం ముట్టలేదని, దుర్వాసునికి పెట్టిన తరువాతే తాను తిన్నాడని కథ ముగుస్తుంది.

గడియారపు ఉపవాసం వ్రతం నుంచి తీసుకున్నది వేళను మాత్రమే. వేళకు తన విలువ ఉంది. రాత్రి పొద్దుపోయాక తినే అలవాటును అది మాన్పించినా మేలే. కాని సంకల్పం లేని ఆకలికి ఎక్కడ మొదలైందో గుర్తుండదు, పారణ లేని ఆకలికి ఎక్కడ ఆగాలో తెలియదు. పదహారు గంటలు పద్దెనిమిదై, పద్దెనిమిది ఇరవై అయ్యే ఆశ దానిలో ఎప్పుడూ పొంచి ఉంటుంది. వ్రతం ఆ ఆశకు చోటివ్వదు. చేతికి కట్టిన దారాన్ని ఊరు కట్టింది, ఊరే విప్పుతుంది. ఎవరి ముఖం వాడినా పక్కింటివారి కంటపడుతుంది. నీరసించినవారిని కూర్చోబెట్టి మజ్జిగ తాగించే పెద్ద దిక్కు వీధిలోనే ఉంటుంది. కాప్పును రక్షణ అనడంలోని సార్థకత ఇదే. అది అమ్మవారి శక్తిని ఎంత కాపాడుతుందో, భక్తుడి ఒంటిని కూడా అంతే కాపాడుతుంది.

ఆడి మాసపు ఆదివారాల్లో తీరపు గుళ్ల ముందు అంబలి పోసేవేళ, చెంబులతో, గిన్నెలతో వరుసలో నిలిచినవారిలో వ్రతమున్నవారెవరో, లేనివారెవరో అడిగే ఆచారం లేదు. రోజుల తరబడి ఒంటిపూట తిన్నవారూ, ఆ పూటకు ఇంట్లో ఏమీ లేనివారూ ఒకే పాత్రలోది తాగుతారు. తాను కోరి తెచ్చుకున్న ఆకలితో, కోరకుండానే వచ్చిన ఆకలి పక్కన నిలబడటమే ఉపవాసం అన్న మాటలోని దగ్గరితనం. ఆ వరుసలో చివరి మనిషి గిన్నె నిండేదాకా వ్రతం పూర్తయినట్లు కాదు.